సరిగ్గా అరవై వేల దగ్గర ఆగిన జాబ్

పొద్దున ఏడున్నరకి క్లయింట్ నుంచి ఫోన్. "నిన్నటి అమ్మకాలు దాదాపు రెట్టింపు చూపిస్తున్నాయి, ఏంటండీ ఇది?" నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. చాలా ఊళ్లలో మందుల షాపులున్న సంస్థ అది. ప్రతి రాత్రీ బ్రాంచీల ఫైళ్లు చదివి, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో బిల్లుల టేబుల్‌నీ, బిల్లులోని మందుల టేబుల్‌నీ నింపే జాబ్‌ని టాలెండ్‌లో (డేటాని ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఎక్కించే టూల్) రాసింది నేనే. ముందు రాత్రి నెట్‌వర్క్ పోయి జాబ్ మధ్యలో ఆగింది. ఏం ఎక్కిందో చూడకుండా మళ్లీ రన్ చేసి పడుకున్నాను.

మందుల టేబుల్లో లోడ్ టైమ్ వారీగా కౌంట్ తీశాను. రెండోసారి 84,312 వరసలు. మొదటిసారి 60,000. ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. ఆ గుండ్రటి అంకె చూడగానే విషయం అర్థమైంది. జాబ్‌లో టేబుల్లోకి వరసలు రాసే భాగం, అంటే అవుట్‌పుట్ కాంపొనెంట్‌లో 'కమిట్ ఎవ్రీ' అనే గడి ఉంటుంది. అందులో ముందే 10,000 అని ఉంటుంది, నేను ముట్టుకోలేదు. పదివేల వరసలకోసారి కమిట్ అయిపోతూ, అంటే డేటాబేస్‌లో ఖాయంగా సేవ్ అయిపోతూ వచ్చింది. కమిట్ అయిపోయినదాన్ని రోల్‌బ్యాక్ (ఇంకా కమిట్ కాని మార్పుల్ని రద్దు చెయ్యడం) వెనక్కి తేలేదు.

ముందు ఆ అరవై వేల వరసలూ, వాటి బిల్లులూ తీసేసి క్లయింట్‌కి చెప్పాను. తర్వాత మా సీనియర్ దగ్గర కూర్చున్నాను, ఆవిడని టీమంతా అక్కా అంటాం. "రోజు బిల్లులు వస్తే మొత్తం రావాలి, లేదంటే ఒక్కటీ రాకూడదు. సగం వచ్చిన రోజు లెక్క ఎవరికి పనికొస్తుంది, చెప్పు?" అంది. జాబ్ రాసేటప్పుడు నేను ఆలోచించాల్సిన మాట అదే.

జాబ్ మొదట్లో ఒక కనెక్షన్ కాంపొనెంట్ పెట్టి, ఆటో కమిట్ ఆపి, రెండు అవుట్‌పుట్‌లకీ 'యూజ్ యాన్ ఎగ్జిస్టింగ్ కనెక్షన్' టిక్ పెట్టాను. ఇది ముఖ్యం. వేటికవి సొంత కనెక్షన్ తెరిస్తే బిల్లు ఎక్కి, అందులోని మందులు ఎక్కకుండా పోవచ్చు. టిక్ పెట్టగానే ఆ పదివేల గడి కూడా మాయమైంది.

అయినా ఒకసారి చెయ్యి కాలింది. కమిట్ కాంపొనెంట్‌ని అవుట్‌పుట్ తర్వాత వరసల్ని ఒక్కొక్కటిగా పంపే మామూలు రో లింక్‌తో కలిపాను. అలా కలిపితే ప్రతి వరసకీ కమిట్ నడుస్తుంది. పైగా అందులో 'క్లోజ్ కనెక్షన్' టిక్ ముందే ఉంటుంది. టెస్ట్ రన్‌లో మొదటి వరసకే కనెక్షన్ మూసుకుపోయి, రెండో వరస దగ్గర ఎర్రర్ వచ్చింది. రో లింక్ తీసేసి, లోడ్ మొత్తం సరిగ్గా అయితేనే నడిచే 'ఆన్ సబ్‌జాబ్ ఓకే'తో కమిట్‌కి, అది చెడితే నడిచే 'ఆన్ సబ్‌జాబ్ ఎర్రర్'తో రోల్‌బ్యాక్‌కి కలిపాను. చెడ్డ వరస ఒకటి వస్తే దాన్ని వదిలేసి ముందుకి పోదామని ఎర్రర్ వస్తే జాబ్‌ని ఆపేసే 'డై ఆన్ ఎర్రర్' టిక్ తీసి కూడా చూశాను. పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోలేదు. ట్రాన్సాక్షన్‌లో (అన్నీ కలిపి ఒకేసారి కమిట్ అవ్వాల్సిన పనుల కట్ట) ఒక్క ఎర్రర్ వచ్చిందంటే, మధ్యలో వెనక్కి వెళ్లడానికి పెట్టుకునే సేవ్‌పాయింట్ లేకపోతే, రోల్‌బ్యాక్ చేసేదాకా ఇంకే ఆదేశమూ తీసుకోదు. టిక్ మళ్లీ పెట్టేశాను.

ఆ రోజు డేటాని ముందు డిలీట్ చేసి తర్వాత ఇన్సర్ట్ చేసే పని కూడా అదే ట్రాన్సాక్షన్‌లోకి తెచ్చాను. ఇప్పుడు ఎన్నిసార్లు రన్ చేసినా లెక్క ఒకటే. ఒరాకిల్ డేటాబేస్ వాడేవాళ్లు ఇక్కడ డిలీట్ బదులు టేబుల్ మొత్తాన్ని ఖాళీ చేసే ట్రంకేట్ పెట్టకండి, అక్కడ ట్రంకేట్ తనంతట తానే కమిట్ చేసేస్తుంది.

మూడు వారాల తర్వాత నెట్‌వర్క్ మళ్లీ పోయింది. రాత్రి రెండింటికి లేచి ముందు కౌంట్ తీశాను. సున్నా. అంత హాయిగా ఎప్పుడూ రీరన్ చెయ్యలేదు. జాబ్ అయ్యాక ఫైళ్లలోని వరసలతో కౌంట్ సరిచూసి, అప్పుడు పడుకున్నాను.