లెక్కలకి మాత్రం పై తరగతి: మా అమ్మాయి కోసం స్కూలుతో నా కుస్తీ

ఈ సోమవారం నుంచి మా అమ్మాయి లెక్కల పీరియడ్‌కి రెండు తరగతులు పైకి వెళ్తోంది. మిగతావన్నీ తన మూడో తరగతి పిల్లలతోనే. ఇంత చిన్న మార్పుకి దాదాపు ఒక విద్యా సంవత్సరం పట్టింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను. చల్లారాక రాస్తే మర్యాదగా రాస్తాను, అది ఎవరికీ పనికిరాదు.

ముందు పిల్ల సంగతి. ఎనిమిదేళ్లు. ఎవరూ నేర్పకుండానే చదవడం వచ్చేసింది లాంటి కథలు చెప్పను, అవి ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. నన్ను అయోమయంలో పడేసింది వేరే: ఒకే పిల్లలో మూడు నాలుగు వయసులు ఉండటం. ఒక రాత్రి నిద్రపోకుండా కూర్చుంది. ఏమైందమ్మా అంటే, ఇంకో 500 కోట్ల ఏళ్లకి సూర్యుడు ఉబ్బిపోతాడు కదా, అప్పుడు మనుషులు ఎక్కడికి వెళ్లాలో ఎవరైనా ఆలోచిస్తున్నారా అని అడిగింది. వాళ్ల నాన్న "దానికి చాలా టైముందిలే బంగారం" అన్నాడు. "అందరూ అలాగే అనుకుంటే?" అంది. మర్నాడు పొద్దున అదే పిల్ల బూటు లేసు ముడి పడట్లేదని నేలమీద పడి దొర్లి ఏడ్చింది.

బుద్ధి ఒక వేగంతో, మనసు ఇంకో వేగంతో, చేతివేళ్లు మరో వేగంతో ఎదగడమే ఇలాంటి ప్రతిభగల పిల్లల అసలు లక్షణమని 1991లో కొలంబస్ గ్రూప్ పేరుతో కొందరు కలిసి నిర్వచించారు. అది చదివినరోజు నాకు పోయిన ఊపిరి తిరిగొచ్చింది. మా చుట్టాలకి మాత్రం ఎంత చెప్పినా ఎక్కలేదు. పిల్ల తెలివిగా మాట్లాడితే "నువ్వే బట్టీ పట్టించావ్" అంటారు, ఏడిస్తే "ఇదేనా మీ తెలివైన పిల్ల" అంటారు. రెండువైపులా వాయించే మద్దెలైపోయాను నేను.

స్కూలు గొడవ మేము మొదలుపెట్టింది కాదు. వాళ్లే పిలిచారు. "పని పూర్తి చేయడం లేదు, కిటికీలోంచి చూస్తూ కూర్చుంటోంది, ఇద్దరూ రండి" అని. వెళ్లాం. హెడ్‌మిస్ట్రెస్, క్లాస్ టీచర్, కౌన్సెలర్ ముగ్గురూ పెద్ద కుర్చీల్లో, మేమిద్దరం పిల్లలు కూర్చునే కుర్చీల్లో. మోకాళ్లు గడ్డానికి తగులుతుంటే ఎంత చదువుకున్నవాళ్లైనా నేరస్తుల్లా కనిపిస్తారు. ప్రశ్నలన్నీ మా ఆయన్ని అడిగారు, తప్పులన్నీ నావైపు తిప్పారు.

టీచరు ఒక వర్క్‌షీట్ తీసి బల్లమీద పెట్టింది. 40 కూడికలు. మా అమ్మాయి మొదటి ఏడు చేసి వదిలేసింది. పైన ఎర్ర ఇంకుతో "అసంపూర్తి". "ఇవే రానప్పుడు ఇంకేం నేర్పమంటారు చెప్పండి" అంది. చేసిన ఏడూ కరెక్టే కదండీ అన్నాను. "ఏడు చేస్తే 40 చేసినట్టు కాదు కదమ్మా" అంది. నిజమే, కాదు.

నేను ఆ కాగితం వెనక్కి తిప్పాను. అక్కడ చుక్కలతో బొమ్మలు గీసింది. 1 కి 3 కలిపితే 4, దానికి 5 కలిపితే 9, దానికి 7 కలిపితే 16. ప్రతిసారీ చుక్కలు చదరంగా అమరుతున్నాయని, బేసి సంఖ్యలు వరసగా కలుపుకుంటూ పోతే ఎప్పుడూ ఇంతేనని తన భాషలో రాసుకుంది. కొత్త వరస చేర్చినప్పుడల్లా రెండు పక్కలా చుక్కలు, మూలన ఒకటి పెట్టాలి కాబట్టి బేసే వస్తుందట. రుజువు సగం అక్కడే ఉంది. నా డిగ్రీలో లెక్కలు ఒక సబ్జెక్టు, అయినా ఎందుకు అలా అవుతుందని నేను ఎప్పుడూ ఆలోచించలేదు.

హెడ్‌మిస్ట్రెస్ కళ్లజోడు సర్దుకుని చూసింది. ఇప్పుడు అర్థమవుతుందిలే అనుకున్నాను. "ఇవన్నీ ఇంట్లో ఎవరు నేర్పుతున్నారు?" అంది.

ఎవరూ నేర్పలేదన్నాను. ముగ్గురూ ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. ఆ చూపు నాకు ఇప్పటికీ మండుతుంది. కౌన్సెలర్ చాలా మెత్తగా, "చూడండమ్మా, మన ఆశలు పిల్లల మీద రుద్దితే ఇలాగే ఏకాగ్రత దెబ్బతింటుంది. పిల్లని పిల్లలా ఉండనివ్వండి" అని, ఏకాగ్రత లోపం గురించిన కరపత్రం ఒకటి చేతిలో పెట్టింది. అంటే కూడికలు ఆపేస్తే పిల్లకి తెలివి తక్కువ, వెనకవైపు కొత్త విషయం కనిపెడితే తల్లికి ఆశ ఎక్కువ. ఏ పక్కనుంచి చూసినా పిల్లకి మాత్రం తెలివి లేదు. మా ఆయన మోకాలు నొక్కి నన్ను ఆపకపోతే అక్కడే లేచి వచ్చేసేదాన్ని.

ఇంటికొచ్చి ఆ కరపత్రం పూర్తిగా చదివాను. ఏకాగ్రత లోపం నిజంగా ఉన్న తెలివైన పిల్లలూ ఉంటారు. తెలివి లోపాన్ని కప్పేస్తుంది, లోపం తెలివిని కప్పేస్తుంది, చివరికి మామూలు పిల్లల్లా కనిపించి రెండింటికీ సాయం అందకుండా పోతుంది. కాబట్టి ఆ మాట కొట్టిపారేయలేదు. కానీ వైద్యులు వాడే డీఎస్ఎం-5 ప్రమాణాల ప్రకారం లక్షణాలు కనీసం రెండు చోట్ల కనిపించాలి. ఇంట్లో మూడు గంటలు కదలకుండా ఒకే పజిల్ మీద కూర్చునే పిల్ల, క్లాసులో పావుగంట కూర్చోలేకపోతే ముందు అనుమానించాల్సింది క్లాసుని. ఇది మర్యాదగా మెయిల్‌లో రాస్తే "మీరు డాక్టరా?" అన్న అర్థంలో జవాబొచ్చింది. దాదాపు తొంభై ఏళ్ల క్రితమే లెటా హాలింగ్‌వర్త్ అనే సైకాలజిస్టు రాసిపెట్టింది, ఐక్యూ 140 ఉన్న పిల్లలు మామూలు క్లాసులో సగం సమయం వృథా చేస్తారని. వృథా చేసేటప్పుడు కిటికీలోంచి కాక ఎక్కడికి చూస్తారు?

తర్వాత ఐక్యూ పరీక్ష. సైకాలజిస్టు దొరకడం, రోజు కుదరడం, పిల్ల సంతోషంగా వెళ్లి రావడం అన్నీ సులువుగానే జరిగాయి. విస్క్-5 అనే పరీక్ష పెట్టారు, 6 నుంచి 16 ఏళ్ల పిల్లలకి వాడేది. ముందు ఏమీ ప్రాక్టీసు చేయించకండి. అలాంటి పుస్తకాలు అమ్మేవాళ్లకి మీ డబ్బు కావాలి, మీ పిల్ల గురించిన నిజం కాదు.

చిక్కొచ్చింది రిపోర్టుతో. స్కూలు నియమం ప్రకారం పిల్లని పై తరగతికి పంపాలంటే మొత్తం ఐక్యూ 130 దాటాలి. సగటు 100, వందమందిలో సుమారు ఇద్దరే 130 దాటుతారు. మా అమ్మాయికి 127. హెడ్‌మిస్ట్రెస్ మొదటి పేజీలో ఆ అంకె చూసి ఫైలు మూసేసింది. మిగతా పేజీలు తిప్పనేలేదు. వర్క్‌షీట్ వెనక్కి తిప్పని చేతులు రిపోర్టు మాత్రం ఎందుకు తిప్పుతాయి!

లోపలి పేజీల్లో ఏముందంటే, ఆ పరీక్ష ఐదు విడివిడి శక్తులని కొలుస్తుంది: మాటలతో ఆలోచించడం, ఆకారాలని పోల్చుకోవడం, కొత్త సమస్యలో సూత్రం పట్టుకోవడం, విన్నది కాసేపు మనసులో నిలుపుకోవడం, చిన్న చిన్న పనులు వేగంగా చేయడం. మొదటి మూడింట్లో మా అమ్మాయి 135కి పైనే. వేగంలో వందకి తక్కువ. ఆ భాగంలో 120 సెకన్లలో గుర్తులు చూసి గబగబా ఎక్కించాలి. ఇదేమో ఒక్కో గుర్తుని ముగ్గు పెట్టినంత శ్రద్ధగా గీసిందట, ఒక గీత వంకరపోతే చెరపడానికి రబ్బరు అడిగిందట. ఆ పరీక్షలో రబ్బరు ఇవ్వరు. అన్నీ కలిపి ఒక్క అంకె చేసేసరికి ఆ రబ్బరు కోసం వెతికిన క్షణాలు 127లోకి వచ్చి కూర్చున్నాయి.

వేగం, తాత్కాలిక జ్ఞాపకం పక్కనపెట్టి మిగతావాటితో లెక్కకట్టే అంకె ఇంకోటి ఉంది, దాన్ని జనరల్ ఎబిలిటీ ఇండెక్స్ అంటారు. విడి అంకెల మధ్య పెద్ద తేడా ఉన్నప్పుడు ప్రతిభని గుర్తించడానికి ఇలాంటివి చూడమని అమెరికాలో ప్రతిభగల పిల్లల జాతీయ సంఘం 2018లోనే చెప్పింది. పైగా ఏ ఐక్యూ అంకెకైనా అటూ ఇటూ అయిదారు పాయింట్ల తేడా ఉండొచ్చని రిపోర్టులోనే రాసి ఉంటుంది. అంటే 127కీ 130కీ మధ్య గోడ కట్టడం సైన్సు కాదు, గుమస్తాతనం. 1921లో లూయిస్ టెర్మన్ అనే సైకాలజిస్టు కాలిఫోర్నియాలో మేధావి పిల్లలని ఏరడానికి ఇలాగే గీత గీశాడు. ఆ పరీక్ష రాసి గీత దాటలేకపోయిన ఇద్దరు పిల్లలు, షాక్లీ, అల్వారెజ్, తర్వాత ఫిజిక్సులో నోబెల్ తెచ్చుకున్నారు. ఈ సంగతి నేను హెడ్‌మిస్ట్రెస్‌తో చెప్పాను. "మాకు రూల్ రూలే అమ్మా" అంది.

చివరికి దారి చూపింది పై తరగతుల లెక్కల మాస్టారు. ఈ మొత్తం వ్యవహారంలో పిల్లతో నేరుగా మాట్లాడిన పెద్దమనిషి ఆయనొక్కడే. "ఐక్యూ నాకు తెలీదమ్మా, నా క్లాసుకి పనికొస్తుందో లేదో నా పేపరు చెబుతుంది" అని, ఐదో తరగతి సంవత్సరాంత ప్రశ్నపత్రం ఇచ్చి తన ముందే కూర్చోబెట్టి రాయించాడు. ఇదేమీ కొత్త పద్ధతి కాదు. 1971లో జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీలో జూలియన్ స్టాన్లీ మొదలుపెట్టిన అధ్యయనం పునాదే ఇది: పన్నెండు, పదమూడేళ్ల పిల్లలకి కాలేజీ ప్రవేశానికి రాసే శాట్ పరీక్ష పెట్టడం. సొంత తరగతి పరీక్షలో నూటికి నూరు వచ్చినవాళ్లు పదిమంది ఒకేలా కనిపిస్తారు. వాళ్లలో ఎవరు ఎంత దూరం వెళ్లగలరో పై పరీక్ష పెడితేనే తేలుతుంది. టెరెన్స్ టావో అనే గణితవేత్త ఎనిమిదేళ్లకే శాట్ లెక్కల్లో 800కి 760 తెచ్చుకున్నాడు. చిన్నప్పుడు ఒక్కో సబ్జెక్టుకి ఒక్కో తరగతిలో కూర్చుని చదివాడు, 2006లో, లెక్కల్లో నోబెల్ అంతటిదిగా చూసే ఫీల్డ్స్ మెడల్ అందుకున్నాడు. మా పిల్ల టావో అనట్లేదు. ఒక్కో సబ్జెక్టుకి ఒక్కో తరగతి అన్నది జరగని పని కాదని అంటున్నాను.

మా అమ్మాయికి ఆ పేపర్లో వచ్చిన మార్కులు ఆ క్లాసు పిల్లల్లో చాలామంది కంటే ఎక్కువ. ఎవరూ చెప్పని భాగాలు వదిలేసింది, అంతే. పైగా ఒక ప్రశ్నలో కోణాల మొత్తం 180 రావట్లేదు, అచ్చుతప్పు అని పక్కన రాసిపెట్టింది. మాస్టారు సరిచూసి ఒప్పుకున్నాడు. ఇది నేను రాయకుండా ఉండలేను, తల్లిని.

మీలో ఎవరైనా ఈ దారిలో ఉంటే: రిపోర్టు తీసుకునేటప్పుడు విడి అంకెలన్నీ రాసివ్వమని అడగండి. మీటింగులో ఏం మాట్లాడారో ఆ సాయంత్రమే మెయిల్ పెట్టండి, లేకపోతే "మేము అలా అనలేదే" అంటారు. కౌన్సెలర్ దగ్గరికి ఒక్కళ్లే వెళ్లకండి. పై తరగతికి పంపితే పిల్ల మనసు దెబ్బతింటుందని ఎవరైనా భయపెడితే, ఆ భయానికి పరిశోధనల్లో ఆధారం లేదని అయోవా యూనివర్సిటీ నుంచి 2004లోనే నివేదిక వచ్చిందని చెప్పండి. ఇంకో ముఖ్యమైన సంగతి, ముందు టైంటేబుల్ చూసుకోండి. ఇద్దరు టీచర్లూ ఒప్పుకున్నాక కూడా రెండు తరగతుల లెక్కల పీరియడ్లు ఒకే సమయంలో లేక మా పని నెలరోజులు ఆగింది. చివరికి వారంలో రెండుసార్లు లైబ్రరీ పీరియడ్ వదులుకోవాల్సి వచ్చింది. దానికి మాత్రం మా అమ్మాయి నామీద ఇంకా అలిగే ఉంది.

ఇప్పుడు మిగిలిన తలనొప్పి ప్రోగ్రెస్ కార్డు. మూడో తరగతి పిల్లకి ఐదో తరగతి మార్కులు ఎక్కించే వీలు కంప్యూటర్‌లో లేదట. లెక్కల గడి ఖాళీగా వదిలేస్తామని, కింద "అసంపూర్తి" అని దానంతటదే పడుతుందని ఆఫీసులో చెప్పారు. రాత్రే ఇంకో మెయిల్ పెట్టాను.