పీడీఎఫ్‌లో చిక్కుకున్న లెక్కలు ఎక్సెల్‌లోకి: నా అనుభవం

కూకట్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ట్రెజరర్ బాధ్యత నేను తీసుకునేసరికి లిఫ్ట్ మార్చే పని నెత్తి మీద ఉంది. ఫ్లాటుకి ఇంత కట్టండి అని అడగాలంటే ఇన్నేళ్ళలో ఎంత జమైందో, ఏ పద్దు కింద ఎంత పోయిందో ముందు చూపించాలి కదా. మంజీర నీళ్ళ బిల్లు, ఎండాకాలం ట్యాంకర్లు, వాచ్‌మన్ జీతం, జనరేటర్ డీజిల్, అన్నిటికీ లెక్కలు ఉన్నాయి. కాకపోతే అన్నీ పీడీఎఫ్‌లలో, కాగితాల్లో ఉన్నాయి. వాటిని చదవొచ్చు గానీ కూడలేం, పద్దువారీగా విడదీయలేం.

వెతికితే ఫైల్ అప్‌లోడ్ చేయగానే ఎక్సెల్ చేసిచ్చే సైట్లు బోలెడు కనిపిస్తాయి. బ్యాంకు స్టేట్‌మెంట్‌ని వాటిలో పెట్టడానికి నాకు మనసొప్పలేదు. అందులో ఓనర్ల పేర్లు, యూపీఐ ఐడీలు, ఎవరు ఏ నెల ఎప్పుడు కట్టారో అన్నీ ఉంటాయి. అవి నా సొంత వివరాలు కావు. అందుకే పనంతా నా ల్యాప్‌టాప్‌లోనే జరగాలని ముందే అనుకున్నాను.

మొదట ఫైళ్ళని రెండు కుప్పలుగా వేరు చేశాను. పీడీఎఫ్ తెరిచి ఒక అంకె మీద మౌస్‌తో లాగితే అది సెలెక్ట్ అవుతోందంటే లోపల అక్షరాలు ఉన్నట్టు. పేజీ అంతా ఫొటోలా ఉండి ఏదీ సెలెక్ట్ కాకపోతే అది స్కాన్. ఈ రెండిటికీ దారులు వేరు, ముందే తేల్చుకుంటే చాలా శ్రమ తప్పుతుంది.

అక్షరాలున్న ఫైలైనా పని తేలిక అనుకోవద్దు. 1993లో అడోబీ పీడీఎఫ్‌ని తెచ్చింది పేజీ ఎక్కడ తెరిచినా, ఎక్కడ ప్రింట్ తీసినా ఒకేలా కనబడాలని. సాధారణంగా లోపల పట్టిక అంటూ ఏమీ ఉండదు. ఫలానా అక్షరం పేజీలో ఫలానా చోట, ఫలానా గీత ఇక్కడి నుంచి అక్కడికి, అంతే రాసి ఉంటుంది. మన కంటికి కాలమ్‌లా కనిపించేదాన్ని సాఫ్ట్‌వేర్ మధ్యలోని ఖాళీలను బట్టి, గీతలను బట్టి ఊహించుకోవాలి. చివర్లో వచ్చే తప్పుల్లో చాలావరకు ఈ ఊహ దగ్గరే పుడతాయి.

మైక్రోసాఫ్ట్ 365 ఎక్సెల్‌లో డేటా మెనూ, గెట్ డేటా, ఫ్రమ్ ఫైల్, ఫ్రమ్ పీడీఎఫ్ అని వెళ్తే ఫైల్‌లో తనకు దొరికిన పట్టికలన్నీ వరసగా చూపిస్తుంది. స్టేట్‌మెంట్లకి పాస్‌వర్డ్ ఉంది కాబట్టి ముందు క్రోమ్‌లో తెరిచి, ప్రింట్‌లోకి వెళ్ళి, మళ్ళీ పీడీఎఫ్‌గా సేవ్ చేసుకున్నాను. ఎక్సెల్‌కి లొంగని ఫైళ్ళకి టాబ్యులా అనే ప్రోగ్రామ్ వాడాను. ఇది ఉచితం, మన కంప్యూటర్‌లోనే నడుస్తుంది. అందులో పట్టిక చుట్టూ మనమే గడి గీసి చూపించవచ్చు. గీతలున్న పట్టికకి లాటిస్, గీతల్లేకుండా ఖాళీలతో సర్దిన పట్టికకి స్ట్రీమ్ అనే పద్ధతి ఎంచుకోవాలి.

బయటికి వచ్చింది చూసి మొదట టెన్షన్ పడ్డాను. యూపీఐ వివరం స్టేట్‌మెంట్‌లో రెండు మూడు లైన్లు ఉంటే, ఇక్కడ అది రెండు మూడు వరుసలైంది. మొదటి వరుసలో తేదీ, డబ్బు ఉన్నాయి. కింది వరుసల్లో పేరు ముక్కలు మాత్రమే. దీన్ని ఎక్సెల్‌లోనే ఉండే పవర్ క్వెరీ అనే డేటా సర్దే సాధనంలో సరిచేశాను. తేదీ ఉన్న ప్రతి వరుసకీ ఒక నంబరు ఇచ్చి, తేదీ లేని వరుసలకి పైనున్న నంబరే కిందికి నింపి, ఒకే నంబరున్న వాటిని కలిపి ఒక వరుస చేశాను. ఈ ఒక్క పనీ కుదిరాక మిగతా నెలలన్నిటికీ అదే నడిచింది.

తేదీల మీద మాత్రం గట్టిగా హెచ్చరించాలి. కంప్యూటర్ సెట్టింగ్ అమెరికా పద్ధతిలో ఉంటే 03/04/2019ని ఏప్రిల్ 3 అనుకోదు, మార్చి 4 అనుకుంటుంది. 13/04/2019ని తేదీగా గుర్తించక మామూలు అక్షరాలుగా వదిలేస్తుంది. రెండోది కంటికి ఆనుతుంది, మొదటిది ఆనదు. దిగుమతి చేసేటప్పుడే రోజు, నెల, సంవత్సరం అనే వరసని చెప్పాలి. ఖాతా నంబర్ల కాలమ్‌ని టెక్స్ట్‌గా పెట్టకపోతే ముందున్న సున్నాలు పోతాయి, 15 దాటిన అంకెలు సున్నాలైపోతాయి. డబ్బు సెల్‌లో ఎడమవైపు అంటుకుని ఉందంటే అది ఇంకా అంకె కాలేదని అర్థం. పక్కన సీఆర్ (క్రెడిట్, అంటే జమ) అని ఉండొచ్చు, కంటికి కనబడని స్పేస్ ఉండొచ్చు. అది మామూలు స్పేస్ కాక కోడ్ 160 ఉన్న స్పేస్ అయితే, అదనపు స్పేస్‌లు తీసే ట్రిమ్ ఫంక్షన్ దాన్ని తీయదు, ఒకదాని బదులు ఇంకొకటి పెట్టే సబ్‌స్టిట్యూట్ ఫంక్షన్‌తో తీయాలి.

పాత కాగితాల స్కాన్లకి మా అబ్బాయి ఓసీఆర్‌మైపీడీఎఫ్ ఇన్‌స్టాల్ చేసిపెట్టాడు. అది టెసెరాక్ట్ అనే ఇంకో ప్రోగ్రామ్ సాయంతో బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టి పీడీఎఫ్‌లో పొరలా చేరుస్తుంది, వంకరగా పడిన పేజీని సరిచేస్తుంది కూడా. జిరాక్స్ షాపులో 300 డీపీఐకి (అంగుళానికి 300 చుక్కలు) తగ్గకుండా స్కాన్ చేయించాను. తెలుగులో టైప్ చేసిన వార్షిక లెక్కలు వేరే కథ. అవి డీటీపీ వాళ్ళు యూనికోడ్ కాని 'అను' అనే పాత తెలుగు ఫాంట్లలో చేసినవి, కాపీ చేస్తే తెలుగుకి బదులు పిచ్చి గుర్తులు వస్తాయి. పద్దులు కొన్నే కాబట్టి వాటి పేర్లు యూనికోడ్‌లో ఒకసారి టైప్ చేసి, ప్రతి సెల్‌లో డ్రాప్‌డౌన్ పెట్టుకున్నాను. అంత చిన్న పనికి కన్వర్టర్లు వెతకడం దండగ.

అసలు పని ఇక్కడి నుంచే మొదలైంది. స్కాన్‌లో 3ని 8గా, 1ని 7గా చదవడం మామూలే. వరుసలన్నీ కంటితో పోల్చడం ఎవరివల్లా కాదు. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఒక వరం ఉంది, ప్రతి వరుసలో బ్యాలెన్స్ ఉంటుంది. పక్కన ఒక కొత్త కాలమ్ పెట్టి, పై వరుస బ్యాలెన్స్‌కి ఈ వరుస జమ కలిపి, ఖర్చు తీసేసి, ఈ వరుస బ్యాలెన్స్‌తో తేడా చూశాను. సున్నా రాకపోతే ఎరుపు రంగు.

ఆ ఎరుపు ఎలా పడిందో చూస్తే తప్పు ఎక్కడుందో తెలిసిపోతుంది. ఒక్క వరుసే ఎర్రబడితే జమో ఖర్చో తప్పు చదివినట్టు, లేదా దాని పైన ఒక వరుస మొత్తంగా జారిపోయినట్టు. వెంటవెంటనే రెండు వరుసల్లో ఒకే మొత్తం, ఒకచోట ప్లస్, ఒకచోట మైనస్ వస్తే బ్యాలెన్స్ అంకె తప్పు. డీజిల్ ఖర్చు 3,450 ఉన్నచోట 8,450 పడితే ఆ వరుసలో సరిగ్గా 5,000 తేడా కనబడింది. జారిపోయిన వరుసలు ఎక్కువగా పేజీ మారేచోట దొరికాయి.

వార్షిక లెక్కల్లో బ్యాలెన్స్ కాలమ్ లేదు, అడ్డంగా నిలువుగా మొత్తాలే ఆధారం. ఒక ఏడాది ఎంతకీ కుదరలేదు. ప్రభుత్వ లెక్కలు చూసే ఏజీ ఆఫీసులో చేసి రిటైరైన రెండో అంతస్తు అంకుల్‌ని అడిగితే, "తేడాని తొమ్మిదితో భాగించి చూడమ్మా. శేషం లేకుండా పోతే ఎక్కడో రెండంకెలు తారుమారయ్యుంటాయి" అన్నారు. తేడా 270. లెక్కల షీట్‌లో ట్యాంకర్ల పద్దు కింద 4,740 అని ఉంది, అసలు బిల్లు తీసి చూస్తే 4,470. అది స్కాన్ తప్పు కాదు, షీట్ టైప్ చేసిన వాళ్ళ తప్పు. ఏడాది మొత్తం మాత్రం అదే షీట్‌లో సరిగ్గానే ఉంది.

ఇలాంటి తప్పుల్ని నేను నిశ్శబ్దంగా దిద్దలేదు. ఉన్నది ఉన్నట్టు ఒక కాలమ్‌లో ఉంచి, సరైన అంకె పక్క కాలమ్‌లో పెట్టి, ఏ బిల్లు చూసి మార్చానో రాశాను. ప్రతి వరుసకీ ఫైల్ పేరు, పేజీ నంబరు కూడా చేర్చాను. ఎవరైనా ఇది ఎక్కడిదని అడిగితే వెంటనే ఆ పేజీ తెరిచి చూపించాలి.

జనరల్ బాడీ మీటింగ్‌కి ముందే షీట్‌ని ఓనర్లందరికీ పంపాను. ఖాతా నంబర్లు, యూపీఐ ఐడీలు తీసేసి, పద్దువారీగా మొత్తాలు కూడి చూపించే పివట్ టేబుల్‌తో. కొన్ని వరుసలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి, అక్కడ కాగితమే మసకబారిపోయింది. ఆ తేదీల స్టేట్‌మెంట్ కాపీల కోసం బ్యాంకుకి రాశాం. కొత్త నెలల లెక్క మాత్రం పీడీఎఫ్‌గా తీసుకోవడం మానేశాను, నెట్ బ్యాంకింగ్‌లో ఎక్సెల్‌గానే డౌన్‌లోడ్ చేసి అదే తనిఖీ కాలమ్ తగిలిస్తున్నాను.