మురిగిపోయిన నోటు

మన సంఘాల్లో ఎవరైనా తమకు జరిగిన అన్యాయం చెప్పుకోవడం మొదలుపెట్టి ఇంకా సగంలో ఉండగానే పక్కన కూర్చున్న అక్క ఒకావిడ చెయ్యి పట్టుకుని "క్షమించేయమ్మా, ప్రభువు చూసుకుంటాడు" అనేస్తుంది. మాట తప్పు కాదు. కానీ అంత తొందరగా వస్తే నాకు చిరాకేస్తుంది, ఎందుకంటే అక్కడ ఎంత బాకీ ఉందో ఇంకా ఎవరూ చూడనే లేదు, చూడకుండా దేన్ని కొట్టేయమంటున్నట్టు?

యేసు ప్రభువు మాత్రం లెక్క చెప్పాడు. మత్తయి సువార్త 18లో శిష్యుడు పేతురు తప్పు చేసిన సహోదరుణ్ణి ఎన్నిసార్లు క్షమించాలి, "ఏడు మారులమట్టుకా?" అని అడిగినప్పుడు ఆయన "డెబ్బది ఏళ్ల మారులమట్టుకు" (అంటే డెబ్బై సార్లు ఏడు) అన్నాడు, అని ఊరుకోకుండా ఇద్దరు బాకీదారుల కథ చెప్పాడు. ఒకడు రాజుకు పదివేల తలాంతులు బాకీ. వాడికి ఇంకొకడు నూరు దేనారాలు బాకీ. ఆ రోజుల్లో దేనారం ఒక రోజు కూలి, తలాంతు అంటే దాదాపు ఆరువేల దేనారాలు. ఇప్పటి కూలి రోజుకు 500 అనుకుని వేసి చూడండి, మొదటివాడి బాకీ 3,000 కోట్లు, రెండోవాడిది 50,000.

ప్రసంగాల్లో ఆ రెండోదాన్ని "చిల్లర బాకీ" అని తేల్చేస్తుంటారు. నేను ఒప్పుకోను. కూలి చేసుకునేవాడికి 50,000 చిల్లర ఎలా అవుతుంది? అది ఆడపిల్ల కాలేజీ ఫీజు, ఇంట్లో ఒకరి ఆపరేషను ఖర్చు. ప్రభువు ఆ బాకీ లేదనలేదు, చిన్నదనీ అనలేదు, దాన్ని 3,000 కోట్ల పక్కన పెట్టి చూపించాడు, అంతే. మనకు జరిగింది నిజంగానే జరిగింది, నొప్పి నిజం, పోయిన డబ్బు నిజం. ఈ మాట ముందు ఒప్పుకోకుండా క్షమాపణ గురించి ఎన్ని చెప్పినా ఎదుటివాడి చెవికెక్కదు.

ఆ కథలో నన్ను ఎప్పుడూ ఆపేసేది ఇంకొకటుంది. బాకీదారులిద్దరూ కాళ్లమీద పడి దాదాపు ఒకే మాట అంటారు. "నా యెడల ఓర్చుకొనుము, నీకు అంతయు చెల్లింతును" అంటాడు మొదటివాడు. 3,000 కోట్లు! ఏ కూలి డబ్బుతో? రెండోవాడు అన్నది మాత్రం జరిగే పనే, మూడు నాలుగు నెలలు ఒళ్లు వంచితే తీరిపోతుంది. రాజు మొదటివాడికి గడువేమీ ఇవ్వలేదు, వాయిదాలు కట్టమనలేదు, అప్పంతా కొట్టేసి పంపించాడు. మరి వాడు బయటికొచ్చి తోటివాడి గొంతు ఎందుకు పట్టుకున్నాడు? నాకనిపించేది, వాడు నమ్మలేదు. గడువు దొరికిందనుకున్నాడే తప్ప అప్పు పోయిందని వాడి తలకెక్కలేదు, అందుకే ఇంకా వసూళ్లకు తిరుగుతున్నాడు. వాక్యం ఈ మాట చెప్పదు, ఇది నా ఊహే. కానీ మన చుట్టూ చూడండి, దేవుడికి ఇంకా వాయిదాలు కడుతున్నట్టే బతికే విశ్వాసులు ఎంతమంది లేరు? ఇన్ని ఉపవాసాలు, ఇన్ని కానుకలు, ఇన్ని రాత్రి ప్రార్థనలు అని లెక్క రాసుకునేవాళ్లే పక్కవాడి లెక్క కూడా పైసాతో సహా గుర్తుపెట్టుకుంటారు.

ఇక మా ఇంటి సంగతి. నాన్న స్కూలు టీచరుగా రిటైరయ్యాక వచ్చిన డబ్బులో ఒక పెద్ద మొత్తం నాకు బాబాయి వరసయ్యే ఆయన వ్యాపారానికని అడిగితే ఇచ్చేశారు. అమ్మ గొడవపెడితేనే స్టాంపు అంటించి ప్రామిసరీ నోటు రాయించుకున్నారు. నోటు మూడేళ్లకు మురిగిపోతుందని, అంటే ఇక దానిమీద కోర్టుకెళ్లి వసూలు చేసుకోలేమని మనవైపు చదువురానివాళ్లకి కూడా తెలుసు, గడువు లోపల తిరగరాయించుకోవాలి, లేదా ఎంతో కొంత జమ కట్టించి వెనకవైపు రాయించి సంతకం తీసుకోవాలి. నాన్న అడగలేదు. "మనవాడే కదరా, అడిగితే చిన్నబుచ్చుకుంటాడు" అనేవారు. తర్వాత అమ్మకు ఆపరేషను అవసరమై నాన్న ఫోన్ చేస్తే అవతలనుంచి వచ్చిన జవాబు ఇది: "ఆ నోటు ఎప్పుడో మురిగిపోయింది కదా అన్నయ్యా."

లేదు, కుదరదు, ఇంకా టైం కావాలి అని ఉంటే వేరే సంగతి. చట్టం చూపించాడు. పైగా ఆయన మా సహవాసంలోనే ముందు వరసలో కూర్చుంటాడు, పాటలెత్తుతాడు, సాక్ష్యం చెప్పడానికి లేచాడంటే కూర్చోడు. నెలకోసారి ప్రభువు బల్ల దగ్గర అదే రొట్టె, అదే పాత్ర.

నాన్న ఎలా తట్టుకున్నారో నాకు తెలీదు, నేను మాత్రం తట్టుకోలేదు. చట్టం ప్రకారం మురిగిన నోటును నేను మనసులో తిరగరాస్తూనే వచ్చాను. ఆయన కారు కొన్నాడని తెలిస్తే ఒకసారి, ఇంటిమీద పై అంతస్తు లేపినప్పుడు ఒకసారి, ఎవరూ ఏమీ చేయకపోయినా అర్ధరాత్రి మెలకువ వచ్చినప్పుడు ఇంకోసారి, వడ్డీతో సహా. నిద్ర పోయింది, బీపీ వచ్చింది, ఆయనకేమో వెంట్రుక కూడా కదల్లేదు.

కొలొస్సయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయంలో పౌలు మనమీద ఋణంగా ఉన్న పత్రాన్ని దేవుడు మేకులతో సిలువకు కొట్టాడని, దానిమీది చేవ్రాతను తుడిచేశాడని రాస్తాడు. చిన్నప్పటినుంచీ వింటున్న వచనమే. కానీ బీరువాలో అలాంటి కాగితం ఒకటి పెట్టుకున్న ఇంటివాడిగా చదివితే వేరుగా వినపడింది. నా పేరుమీద దేవుడి దగ్గరున్న నోటు గడువు దాటి మురిగిపోలేదు. ఆయన అడగడం మర్చిపోయీ పోలేదు. ఎవరో ఒకరు ఆ నష్టం భరించాలి, ఆయనే భరించాడు. ఆ నోటులో ఏం రాసి ఉందో ఇక్కడ రాయను, అది నాకూ ఆయనకూ మధ్యది. కథలో రాజుకు కూడా అంతే కదా, 3,000 కోట్లు కొట్టేశాడంటే ఆ డబ్బు గాలిలో కలిసిపోలేదు, రాజు ఖజానాలోంచి పోయింది. క్షమించడంలో కష్టమంతా అక్కడే ఉంది, ఎదుటివాడు చేసిన నష్టాన్ని మనం మన ఖర్చులో రాసుకోవాలి. నవ్వుతూ చేసే పని కాదు అది. ఒక్కసారితో అయ్యేదీ కాదు, మళ్లీ కోపం వచ్చిన ప్రతిసారీ మళ్లీ కొట్టేయాలి. డెబ్బది ఏళ్ల మారులు అన్నది ఎదుటివాడు చేసే తప్పుల లెక్క అనుకునేవాణ్ణి, ఒకే తప్పును అన్నిసార్లు క్షమించాల్సి వస్తుందని ఇప్పుడు తెలుస్తోంది.

ఆస్ట్రేలియా నుంచి వచ్చిన మిషనరీ గ్లాడిస్ స్టెయిన్స్ గారి సాక్ష్యం మన ప్రసంగాల్లో వాడి వాడి అరగదీశాం. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో జీపులో నిద్రపోతున్న ఆమె భర్త గ్రాహంను, పదేళ్ల ఫిలిప్‌ను, ఆరేళ్ల తిమోతిని తగలబెట్టారు. ఆమె క్షమించానని అందరిముందూ చెప్పారు, కూతురితో వెంటనే ఆస్ట్రేలియా వెళ్లిపోకుండా 2004 దాకా ఒడిశాలోని బారిపదలోనే ఉండి కుష్ఠు రోగుల సేవ కొనసాగించారు. ఇంతవరకు అందరూ చెబుతారు. చెప్పనిదేమిటంటే, ఆమె క్షమించినంత మాత్రాన కోర్టు కేసు ఆగలేదు. 2003లో ముఖ్య నిందితుడు దారా సింగ్‌కు మరణశిక్ష పడింది, 2005లో హైకోర్టు దాన్ని యావజ్జీవంగా మార్చింది, 2011లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. క్షమించడం వేరు, నేరానికి చట్టం విధించే శిక్ష వేరు అన్నదే ఆమె మాట కూడా.

దీన్ని ఎందుకు గట్టిగా చెబుతున్నానంటే, మొగుడు తాగొచ్చి కొడుతున్నాడని ఒక చెల్లెమ్మ ఏడుస్తూ వస్తే "డెబ్బది ఏళ్ల మారులు" అని వాక్యం చెప్పి, ప్రార్థన చేసి, మళ్లీ అదే ఇంటికి పంపించే పెద్దలున్నారు. వాళ్లు అదే 18వ అధ్యాయం కాస్త పైనుంచి చదవరు కాబోలు. పేతురు ప్రశ్నకు ముందే ప్రభువు చెప్పాడు కదా: తప్పు చేసినవాడి దగ్గరికి ముందు ఒంటరిగా వెళ్లి చెప్పు, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్లు, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు. అంటే ఆ పని సంఘం నెత్తిన పెట్టాడు. మనవాళ్లు దాన్ని దెబ్బలు తిన్న మనిషి నెత్తిన పెడుతున్నారు. యోసేపు కూడా తనను బానిసగా అమ్మేసిన అన్నలను క్షమించాడు, మెడమీద పడి ఏడ్చాడు, కానీ అంతకుముందు తమ్ముడు బెన్యామీను గోనెలో వెండి గిన్నె పెట్టించి వాళ్లు మారారో లేదో చూసుకున్నాడు. తమ్ముణ్ణి వదిలేసి వెళ్లిపోతారా, నిలబడతారా అని. అది పగ అని ఎవరైనా అంటారా?

బాబాయి ఇంతవరకు క్షమించమని అడగలేదు. అడుగుతాడన్న ఆశ కూడా నాకు లేదు. వాళ్లమ్మాయి పెళ్లికి మాత్రం ఇంటిల్లిపాదీ వెళ్లాం, అమ్మ చీర పెట్టింది, నేను నా అంతట నేనే ఆయనకు వందనాలు చెప్పాను, చెప్పేటప్పుడు పళ్లు కొరుక్కోలేదు, అదీ నాకు గొప్పే. ఆ తర్వాత కొన్నాళ్లకు బ్యాంకు లోనుకు హామీ సంతకం కావాలని ఆయన మా ఇంటికొచ్చాడు. నాన్న కాఫీ ఇప్పించారు, పిల్లల గురించి అడిగారు, అన్నీ విన్నారు. చివరికి, "సంతకం పెట్టనురా తమ్ముడూ, ఆ సంగతి ఇక అడగొద్దు. వంటయింది, భోంచేసి వెళ్లు" అన్నారు. ఆయన భోంచేసే వెళ్లాడు.