భుజానికి ఇంజెక్షన్ వేయించుకున్నాక అసలు పని మొదలైంది

కుడి చెయ్యి పక్కకి ఎత్తితే కొంత దూరం బాగానే వచ్చేది. 60 నుంచి 120 డిగ్రీల మధ్యకి రాగానే ప్రాణం పోయేంత నొప్పి, అది దాటితే మళ్ళీ తగ్గేది. రాత్రి ఆ పక్కకి తిరిగితే నిద్ర చెడినట్టే. బెంగళూరు మారతహళ్ళిలో మా ఇంటి దగ్గరి ఆర్థో డాక్టరు అల్ట్రాసౌండ్ తీయించి, బర్సా వాచిందన్నారు. భుజం పైనున్న ఎముకకీ దాని కింది టెండన్‌కీ (కండరాన్ని ఎముకకి అతికించే పట్టీ) మధ్య రాపిడి లేకుండా ఉండే పల్చటి సంచి అది.

మాత్రలు, ఐస్ వాడుతూ ఫిజియోకి వెళ్ళాను. నొప్పి ఏ వ్యాయామమూ చెయ్యనివ్వలేదు. అప్పుడే స్టెరాయిడ్ ఇంజెక్షన్ మాట వచ్చింది. కడప నుంచి మా అక్క ఫోన్ చేసి "స్టెరాయిడ్ వద్దే, ఒళ్ళు పాడైపోతుంది" అని ఒకటే గోల. నాకు షుగరుంది కాబట్టి నా భయం నాది. డాక్టరు ఏదీ దాచలేదు. కొన్నాళ్ళు షుగర్ పెరుగుతుంది, ఒకే భుజానికి మాటిమాటికీ వేయించుకుంటే టెండన్ దెబ్బతినొచ్చు, పైగా ఇది నొప్పి తగ్గిస్తుందే గానీ బలం తేదు అన్నారు.

చివరికి సరేనన్నాను. స్కాన్ చూస్తూనే ఇంజెక్షన్ వేశారు. సూది తెల్లటి గీతలా లోపలికి వెళ్ళడం, మందు పడగానే బర్సా నల్లగా ఉబ్బడం తెర మీద నేనూ చూశాను. కలిపిన మత్తుమందు వల్ల కొన్ని గంటలు హాయి. అది దిగిపోయాక రాత్రి నొప్పి మునుపటికన్నా ఎక్కువైంది. ఇలా అవ్వొచ్చని ముందే చెప్పారు కాబట్టి కంగారు పడలేదు. ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంది. షుగర్ మాత్రం కొన్నాళ్ళు పైనే ఉంది.

నొప్పి పోగానే ఫిజియో మానేసేవాళ్ళని చాలామందిని చూశాను. అలా మానకండి. చెయ్యి ఎత్తినప్పుడు కీలులో బంతిలా ఉండే చేతి ఎముక తలని కిందకి పట్టి ఉంచాల్సినవి రొటేటర్ కఫ్ కండరాలు. అవి బలహీనంగానే ఉంటే బర్సా మళ్ళీ నలిగి, మందు ప్రభావం తగ్గాక వాపు తిరిగొచ్చే ప్రమాదం ఉంది. నొప్పి లేని ఆ కొన్ని వారాలే వ్యాయామానికి దొరికే సమయం.

నా ఫిజియో కోలారు అమ్మాయి, ఇంట్లో తెలుగే. మొదట ముందుకి వంగి చెయ్యి వేలాడేసి ఊపించింది, తర్వాత గోడ మీద వేళ్ళతో పాకించింది. ఆపైన రబ్బరు బ్యాండు. మోచేతికీ డొక్కకీ మధ్య టవల్ మడిచి పెట్టి, గడియకి కట్టిన బ్యాండుని బయటికి లాగమనేది. టవల్ జారితే ఆ లాగుడు లెక్కలోకి రాదు. నా రెక్క ఎముక మీద అరచెయ్యి ఆనించి "ఆంటీ, భుజం చెవి దాకా ఎగరేస్తున్నారు, కిందకి వదలండి" అని ప్రతిసారీ సరిచేసేది. ఇంట్లో అద్దం ముందు చేస్తే ఆ తేడా నాకే తెలిసింది.

ఇప్పుడు జడ వేసుకోవడానికి ఎవర్నీ పిలవట్లేదు. బ్యాండు మాత్రం ఆపలేదు.

వేయించుకోబోయేవాళ్ళు ఫిజియో ఎప్పటినుంచో ఆ రోజే డాక్టర్ని అడిగి రాయించుకోండి, బరువులు ఎన్నాళ్ళు ఎత్తకూడదో కూడా. షుగరున్నవాళ్ళు ఆ వారమంతా మీటరు దగ్గర పెట్టుకోండి. జ్వరం వచ్చినా, సూది వేసిన చోట ఎర్రబడి వేడెక్కినా ఆగకుండా డాక్టరుకి చూపించండి.