మన దేశంలో తయారైందో లేదో అట్ట తిప్పి చూస్తేనే తెలుస్తుంది

స్వదేశీ సరుకే కొనాలనుకునేవాళ్లు చాలామంది ముందు బార్‌కోడ్ చూస్తారు. 890తో మొదలైతే మనదేనని బుట్టలో వేసేస్తారు. ఆ మూడంకెల అర్థం అది కాదు. ఆ నంబరును కంపెనీ, బార్‌కోడ్ నంబర్లు ఇచ్చే జీఎస్‌1 ఇండియా అనే సంస్థ దగ్గర తీసుకుందని మాత్రమే. బయట చేయించి తెచ్చి ఇక్కడ అమ్మే సరుకు మీదా 890 ఉండొచ్చు. ఇక్కడి ఫ్యాక్టరీలో తయారైన సరుకు మీద వేరే నంబరు ఉండొచ్చు.

చూడాల్సింది ఎమ్మార్పీ దగ్గర్లో చిన్నక్షరాల్లో ఉండే చిరునామాలు. 2011 నాటి లీగల్ మెట్రాలజీ ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ ప్రకారం తయారుచేసినవాళ్ల పేరు, చిరునామా వేయాలి. ప్యాక్ చేసింది వేరేవాళ్లయితే వాళ్లవి కూడా. దిగుమతి సరుకైతే దిగుమతిదారు వివరాలతోపాటు ఏ దేశంలో తయారైందో వేయాలి. 'మాన్యుఫ్యాక్చర్డ్ బై' పక్కన మన ఊరు, పిన్‌కోడ్ ఉంటే పని ఇక్కడ జరిగినట్టు. 'మార్కెటెడ్ బై' పక్కన ఉండేది అమ్మేవాళ్ల పేరు, దాన్ని పట్టుకుని ఏదీ తేల్చలేం. సబ్బులు, పేస్టుల మీద ఒక్కోసారి నాలుగైదు ఫ్యాక్టరీల చిరునామాలు వరసగా ఉంటాయి, ఒక్కోదాని ముందు ఒక అక్షరం. బ్యాచ్ నంబరులో ఏ అక్షరం ఉందో చూస్తే మీ చేతిలోది ఏ ఫ్యాక్టరీదో దొరుకుతుంది. మొదటి అక్షరం చూడాలో మరొకటి చూడాలో కూడా ఆ పక్కనే రాసి ఉంటుంది.

కంపెనీ యజమాని ఏ దేశంవాడన్నది నా లెక్కలో చివరి ప్రశ్న. విదేశీ కంపెనీ ఇక్కడ ఫ్యాక్టరీ పెడితే లాభం బయటికి పోయినా జీతాలు ఇక్కడివాళ్లకే అందుతాయి. తెలుగు పేరు పెట్టుకుని సరుకంతా బయటినుంచి తెప్పించేవాళ్ల దగ్గర ఆ పని కూడా మిగలదు. అందుకే ముందు తయారీ, తర్వాత ముడిసరుకు, ఆ తర్వాతే యజమాని.

ముడిసరుకు దగ్గరే చాలామంది పొరబడతారు. సన్‌ఫ్లవర్ నూనె ప్యాకెట్ మీద కాకినాడో కృష్ణపట్నమో ఉంటుంది. అక్కడ జరిగేది శుద్ధి. ముడినూనె ఎక్కువగా రష్యా, ఉక్రెయిన్‌ల నుంచి ఓడల్లో వస్తుంది, పామాయిలైతే ఇండోనేషియా, మలేషియాల నుంచి. దేశంలో వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతిదే. రైతు దాకా మనదే కావాలనుకుంటే వేరుసెనగ నూనె, నువ్వుల నూనె, తవుడు నూనె తీసుకోండి. 'బ్లెండెడ్' అని ఉంటే ఏ నూనె ఎంత శాతమో లేబుల్ మీదే ఉంటుంది, చదవకుండా కొనొద్దు. ఇంగువ దగ్గర మాత్రం పట్టుదల వద్దు. దాని బంక అఫ్గానిస్థాన్, ఇరాన్ వైపునుంచి వస్తుంది, పిండి కలిపి డబ్బాలకెత్తడమే ఇక్కడ జరిగేది. హిమాచల్‌లోని లాహౌల్ లోయలో 2020లోనే మొక్కలు నాటడం మొదలుపెట్టారు.

ఎల్‌ఈడీ బల్బు, చార్జర్ లాంటివాటిలో లోపలి భాగాలు ఎన్ని మనవో పెట్టె మీద ఉండదు. ప్రభుత్వ కొనుగోళ్లకు మాత్రం 2017 నాటి మేకిన్ ఇండియా ఉత్తర్వు కింద లెక్క ఉంది: స్థానిక వాటా 50 శాతమో అంతకు మించో ఉంటే మొదటి తరగతి సరఫరాదారు. ఆ శాతం మన పెట్టెల మీద కూడా వేయాలని గట్టిగా అడగాల్సిన అవసరం ఉంది.

ఐఎస్ఐ గుర్తు నాణ్యతకు సంబంధించింది. విదేశీ ఫ్యాక్టరీలకూ ఆ లైసెన్సు ఇస్తారు కాబట్టి గుర్తు ఒక్కటే చాలదు. గుర్తు కింద 'సీఎం/ఎల్' అని మొదలయ్యే నంబరును, ఆ గుర్తు ఇచ్చే భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే తయారీదారు పేరు, చిరునామా వస్తాయి. ప్రెషర్ కుక్కర్ కొనేటప్పుడు కొట్లోనే నిలబడి చూసుకోవచ్చు. నంబరు దొరక్కపోతే, పెట్టె మీది పేరుతో కలవకపోతే వదిలేయండి.

బొమ్మల దగ్గర దీనికి ఒక మినహాయింపు ఉంది. 2021 జనవరి 1 నుంచి పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ తప్పనిసరి. నమోదైన హస్తకళాకారులకు, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మల అధీకృత తయారీదారులకు అది వర్తించదు. పొణికి చెక్కతో చేసే కొండపల్లి బొమ్మ, అంకుడు కర్ర మీద లక్క రంగులు పట్టించే ఏటికొప్పాక బొమ్మ గుర్తు లేకుండా కనిపిస్తే నకిలీ అనుకోకండి.

ఇక్కత్ చీరైతే తిరగేసి చూడండి. నూలును ముందే కట్లు కట్టి రంగుల్లో ముంచి, ఆ తర్వాత నేస్తారు. అందుకే రెండువైపులా రంగు ఒకేలా ఉంటుంది, పువ్వు అంచు కాస్త చెదిరినట్టు కనిపిస్తుంది. ప్రింటు గుడ్డలో అంచు గీత గీసినట్టుంటుంది, వెనకవైపు వెలవెలబోతుంది. అయితే మరమగ్గం మీద నేసిన ఇక్కత్ కూడా రెండువైపులా ఒకేలా ఉంటుంది. చేనేతే కావాలంటే 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్క్ లేబుల్ అడగండి.

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు 'కంట్రీ ఆఫ్ ఆరిజిన్' చూపించడం తప్పనిసరి. ఫొటోల దగ్గర కాకుండా కింద వివరాల పట్టికలో ఉంటుంది. ఆర్డరు పెట్టేముందు దాన్ని స్క్రీన్‌షాట్ తీసుకోండి. సరుకు వచ్చాక పెట్టె చించకముందే చిరునామాతో పోల్చండి. తేడా ఉంటే అదే కారణం రాసి వెనక్కి పంపండి, వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి స్క్రీన్‌షాట్, పెట్టె ఫొటో రెండూ ఇవ్వండి.