గాలి మోసుకొచ్చిన సన్యాసి

జూన్ 13 మా అనంతపురం వైపు ఎప్పుడూ మృగశిర కార్తెలోనే పడుతుంది. ఆ రోజుల్లో గాలి ఎట్లుంటుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. పడమటి నుంచి తోసుకొస్తుంది, దుమ్ము లేపుతుంది, వచ్చిన మబ్బును కళ్ల ముందే తూర్పుకు ఎత్తుకుపోతుంది. రామగిరి దగ్గర గాలిమరలు మాత్రం హాయిగా తిరుగుతుంటాయి. కింద చేలల్లో వేరుశనగ విత్తనం సిద్ధం చేసుకున్న రైతు తల పైకెత్తి నిలబడి ఉంటాడు. సరిగ్గా అప్పుడే పునీత అంతోనివారి (సెయింట్ ఆంథోనీ) పండుగ వస్తుంది. ఆయన స్వరూపం ముందు ఎన్ని కొవ్వొత్తులు వెలిగించినా ఒక్కటీ నిలవదు.

ఈసారి ఆ గాలిలో అగ్గిపుల్లలు వృథా చేస్తూ ఉండగా యోహాను సువార్త 3వ అధ్యాయం 8వ వచనం గుర్తొచ్చింది. రాత్రిపూట తన దగ్గరికి వచ్చిన నికోదేముతో ఏసు ప్రభువు చెప్పిన మాట అది. గాలి తనకు ఇష్టమైన చోట వీస్తుంది, చప్పుడు వినపడుతుంది గానీ ఎక్కడి నుంచి వచ్చిందో, ఎక్కడికి పోతుందో నీకు తెలియదు, ఆత్మ వల్ల పుట్టినవాడూ అంతే అంటాడు. సువార్త రాసిన గ్రీకులో గాలికీ ఆత్మకూ ఒకటే మాట, న్యూమా. ఇది మనకు మరీ వింత కాదులెండి. మా జేజి ‘గాలి సోకింది’ అంటే ఆమె వాతావరణం గురించి మాట్లాడటం లేదని పిల్లలకు కూడా తెలుసు.

అంతోనివారంటే మనకు పోయిన వస్తువులు చూపించే సామి. తాళంచెవి కనపడకపోతే నేనూ ఆయన్నే పిలుస్తాను. కానీ ఆయన సొంత బతుకులో దారి ఎన్నిసార్లు తప్పిందో పెద్దగా ఎవరూ చెప్పుకోరు.

1195లో పోర్చుగల్ దేశం లిస్బన్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఫెర్నాండో. చిన్న వయసులోనే అగస్టీన్ సభ మఠంలో చేరాడు. ఊరికి దగ్గర కావడంతో స్నేహితులు, చుట్టాలు ఊరికే వచ్చిపోతున్నారని కోయింబ్రా మఠానికి మారాడు. (బంధువుల బాధ పునీతులకూ తప్పలేదన్నమాట.) 1220లో, మొరాకోలో క్రీస్తు విశ్వాసం కోసం ప్రాణాలిచ్చిన అయిదుగురు ఫ్రాన్సిస్కన్ సన్యాసుల అస్థికలను ఆ ఊరికి తెచ్చారు. వాటిని చూశాక ఆయన మఠంలో ఉండలేకపోయాడు. నడుముకు తాడు కట్టుకునే ఆ పేద సన్యాసుల్లో చేరి, అంతోని అని పేరు మార్చుకుని, నన్నూ మొరాకో పంపండి అని అడిగాడు. పంపారు.

అక్కడికి పోయి మంచాన పడ్డాడు. ప్రసంగమూ లేదు, విశ్వాసం కోసం ప్రాణమిచ్చే వేదసాక్షి మరణమూ లేదు, చలికాలమంతా జ్వరం. ఇక ఇంటికి వెళ్లిపొమ్మంటే ఓడ ఎక్కాడు. గాలి ఆ ఓడను పోర్చుగల్‌కు పోనివ్వలేదు. ఇటలీ కింద ఉన్న సిసిలీ ఒడ్డుకు తోసింది.

నేను ఎప్పుడూ ఇక్కడే ఆగిపోతాను. దేవుని కోసం చావడానికి బయల్దేరినవాడికి కూడా దేవుడు ‘సరే’ అనలేదు. 1221లో ఇటలీలోని అస్సీసీలో ఆ సన్యాసుల పెద్ద సభ జరిగితే, చివరికి అందరికీ తలా ఒక చోటు చెప్పారు, ఈ పరదేశిని మాత్రం ఎవరూ అడగలేదు. తనే ఒక పెద్దను బతిమాలుకుని మోంతె పావొలో అనే కొండమీది ఆశ్రమానికి వెళ్లాడు. అక్కడ పూజ చేసేవాడు, గిన్నెలు కడిగేవాడు, నేల ఊడ్చేవాడు. అంత చదువున్నవాడని తోటివాళ్లకు తెలియదు. 1222లో ఫోర్లీ పట్టణంలో గురుపట్టాభిషేకం (కొత్త ఫాదర్లను చేసే వేడుక) రోజున ప్రసంగానికి ఎవరూ సిద్ధపడి రాలేదు. పోనీ నువ్వే రెండు మాటలు చెప్పు అన్నారు. ఆ రెండు మాటలతో ఆయన దాచుకున్న చదువంతా బయటపడింది. తర్వాత ఇటలీ, ఫ్రాన్స్ ఊళ్లన్నీ నడిచాడు.

ఇటలీలోని పాదువా నగరంలో ఆయన చేసిన ఒక పని మా సీమవాళ్లకు మరీ దగ్గరగా తగులుతుంది. 1231 తపస్సు కాలంలో, అంటే ఈస్టరు ముందు ఉపవాస దినాల్లో, అక్కడ రోజూ ప్రసంగించాడు. ఆ మార్చిలోనే ఆ నగరం ఒక చట్టం చేసింది. అప్పు తీర్చలేనివాడు తనకున్నది అప్పగిస్తే చాలు, చెరసాలలో వెయ్యకూడదు. అంతోని సహోదరుడు అడిగినందువల్ల చేశామని ఆ చట్టంలోనే రాసుకున్నారు. తాళంచెవుల సామి అనుకుంటాం గానీ, పోయిన మనిషిని కూడా వెతికి ఇంటికి చేర్చాడు. మా నాయన బోరు కోసం అప్పు చేసి, నీళ్లు పడక, అప్పిచ్చినాయన అరుగు మీద వచ్చి కూర్చున్న పూట ఇంట్లోనే ఉన్నాడు. అమ్మ మాత్రం ఊర్లో లేడని చెప్పింది. నాకప్పుడు పదేళ్లు. ఆ చట్టం సంగతి చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది పాదువా కాదు, తలుపు వెనక నిలబడిన నాయన.

అదే ఏడాది జూన్ 13న అంతోనివారు పోయారు. పాదువాకు తీసుకెళ్లండి అని అడిగితే సోదరులు ఎద్దుల బండి కట్టారు. అదీ ఊరు చేరలేదు. ఊరి బయట ఆర్చెల్లాలోనే ప్రాణం పోయింది. అప్పటికి ముప్ఫై అయిదారేళ్లు. ఏడాది తిరగకముందే, 1232 మే 30న, తొమ్మిదో గ్రెగోరీ పోపుగారు పునీతుడని ప్రకటించారు.

మొన్న పండుగ పూజ అయ్యాక ఆయన పేరున పేదలకు బన్నులు పంచారు. మా జేజి కొవ్వొత్తి వెలిగించే ప్రయత్నం మానేసి, అట్లే స్వరూపం కాళ్ల దగ్గర పెట్టి వచ్చింది. నాయన గుడి బయట పడమర వైపు చూస్తూ నిలబడ్డాడు. మబ్బు ఉంది, గాలీ ఉంది. లోపలికి వచ్చి ఏమి అడిగాడో నాకు చెప్పలేదు. రాత్రి మాత్రం విత్తనం వేసే గొర్రు బయటికి తీసిపెట్టి పడుకున్నాడు.