ఎంగిలి పళ్ళేల కిటికీ దగ్గర

అమెరికాకు ఎమ్మెస్‌కి వచ్చిన మనవాళ్ళలో చాలామందికి మొదటి జీతం అందేది యూనివర్సిటీ డైనింగ్ హాల్ నుంచే. ఎఫ్‌-1 వీసా మీద ఉన్నవారు క్లాసులు నడుస్తున్నన్నాళ్ళూ క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. ఆ 20 గంటలూ సర్వింగ్ లైన్ దగ్గరో, డిష్ రూమ్‌లోనో గడిచిపోతాయి. క్యాంపస్ చెత్తలో ఎంత ల్యాండ్‌ఫిల్‌కు (చెత్తను పూడ్చే చోటుకు) పోయిందో, ఎంత ఎరువైందో యూనివర్సిటీలు ఏటా లెక్కలు వేస్తాయి. ఆ లెక్క మంచిగా రావాలన్నా పాడవ్వాలన్నా తిన్నవాళ్ళు పళ్ళేలు తెచ్చిపెట్టే కిటికీ వెనక నిలబడ్డ మనిషే ముఖ్యం. సెమిస్టర్ మొదట్లో ఇచ్చే గంట ట్రైనింగ్‌లో చెత్త వేరుచేసే ఈ పని సంగతి రెండు నిమిషాల్లో తేల్చేస్తారు. అందుకే ఇంత వివరంగా రాయాల్సి వస్తోంది.

కొన్ని రాష్ట్రాల్లో ఇది యూనివర్సిటీ ఇష్టం మీద వదిలేసిన పని కాదు, చట్టం. మసాచుసెట్స్‌లో వారానికి ఒక టన్ను, అంతకు మించి తిండి వ్యర్థాలు వచ్చే సంస్థలు వాటిని మామూలు చెత్తలో వేయకూడదని 2014 అక్టోబరు నుంచి నిబంధన ఉంది. 2022 నవంబరులో ఆ హద్దును అర టన్నుకు తగ్గించారు. ఓ మాదిరి డైనింగ్ హాల్ ఈ హద్దు సులువుగా దాటేస్తుంది. కాలిఫోర్నియాలో 2022 జనవరి నుంచి తిండి వ్యర్థాలను వేరు చేయడం అందరికీ తప్పనిసరి అయింది. అన్నం, కూర మట్టి కింద గాలి తగలకుండా కుళ్ళితే మీథేన్ పుడుతుంది. వాతావరణాన్ని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే ఎన్నో రెట్లు బలమైనది.

మనకు తడి చెత్త, పొడి చెత్త అనే లెక్క చిన్నప్పటి నుంచీ అలవాటు. మనవాళ్ళు మొదటివారం తప్పు చేసేది సరిగ్గా ఇక్కడే. డైనింగ్ హాల్‌లో మూడు బిన్‌లుంటాయి: కంపోస్ట్, రీసైకిల్, ల్యాండ్‌ఫిల్. మూతి తుడుచుకున్న పేపర్ నాప్కిన్ మన లెక్కలో పొడి చెత్త, ఇక్కడ అది కంపోస్ట్. నూనె బాగా అంటిన పిజ్జా అట్టను చాలాచోట్ల రీసైకిల్‌కు తీసుకోరు, అది కంపోస్ట్‌కు పోతుంది. ఎముకలు, చేప ముళ్ళు ఇంట్లో తొట్టిలో చేసే ఎరువుకు పనికిరావు గానీ, పెద్ద కంపోస్ట్ కేంద్రాలు చాలావరకు వాటిని తీసుకుంటాయి. కాఫీ కప్పు చూడటానికి కాగితమే అయినా లోపల పల్చని ప్లాస్టిక్ పూత ఉంటుంది. అందుకని మామూలు కప్పు కంపోస్ట్‌లో పడకూడదు. ఆపిల్, అరటిపండు మీది చిన్న స్టిక్కర్ కూడా ప్లాస్టిక్కే. లైన్‌లో పండు పెట్టేముందే ఆ స్టిక్కర్ పీకేయాలి. తొక్కతో బిన్‌లోకి వెళ్ళాక దాన్ని ఎవరూ ఏరలేరు, చివరికి ఎరువులో అంగుళం ప్లాస్టిక్ ముక్కగా మిగులుతుంది.

విద్యార్థి తెచ్చే కప్పే కాదు, పనివాడి చేతి గ్లోవ్ కూడా కంపోస్ట్‌ను బాగా పాడు చేస్తుంది. పచ్చి మాంసం ముట్టుకున్నాక మార్చాలి, స్టేషన్ మారితే మార్చాలి, చిరిగితే మార్చాలి. నాలుగు గంటల షిఫ్ట్‌లో ఒక్కొక్కరు ఆరేడు జతలు తీసేస్తారు. తీసేది ఎక్కడ? చేతులు కడుక్కునే సింక్ దగ్గర. ఆ పక్కనే ఉండే బిన్ సాధారణంగా కంపోస్ట్‌దే. వెనక నుంచి ఎవరో పిలుస్తుంటారు, తడి చేతి నుంచి గ్లోవ్ తిరగబడి ఊడుతుంది, దగ్గర్లో ఉన్నదాంట్లో పడిపోతుంది. తెల్లారి లారీ డ్రైవర్ మూత ఎత్తగానే అన్నం, సలాడ్ ఆకుల మీద నీలి రంగు వేళ్ళు కనిపిస్తాయి. అలాంటివి ఎక్కువైతే ఆ బిన్ మొత్తాన్ని వాళ్ళు ల్యాండ్‌ఫిల్ లోడ్‌గా రాసుకుంటారు, యూనివర్సిటీకి అదనపు రుసుము పడుతుంది. దీనికి పోస్టర్ల వల్ల ఉపయోగం లేదు. ప్రతి సింక్ అంచుకూ కొక్కెంతో ఓ చిన్న ల్యాండ్‌ఫిల్ డబ్బా తగిలించాలి, కంపోస్ట్ బిన్‌ను అక్కణ్ణుంచి నాలుగడుగులు జరపాలి. గ్లోవ్ ఊడే చోటే డబ్బా ఉంటే గ్లోవ్ అందులోనే పడుతుంది.

రెండో చిక్కు ద్రవాలు. సూప్, పాలు, సోడా, ఐస్ ఎన్నడూ బిన్‌లో పోయకూడదు. ముందు జల్లెడ పెట్టిన సింక్‌లో వంచేసి, జల్లెడలో మిగిలింది మాత్రమే బిన్‌లో వేయాలి. వేపుడు నూనె సింక్‌లోకీ పోకూడదు, దానికి వేరే ట్యాంక్ ఉంటుంది, బయోడీజిల్ చేసేవాళ్ళు వచ్చి పట్టుకెళ్తారు. మామూలుగా వాడే 64 గ్యాలన్ల బండి బిన్ దాదాపు 240 లీటర్లది. తడి తిండితో నిండా నింపితే ఇద్దరు లాగినా కదలదు, చక్రం ఇరుసు విరుగుతుంది. సగానికి కొంచెం పైన ఆపాలి. అడుగున రెండు పొరలు అట్టముక్కలు పరిస్తే ఊట పీల్చుకుంటుంది. మిన్నెసోటా, విస్కాన్సిన్ లాంటి చోట్ల జనవరిలో ఈ అట్టలు మరీ అవసరం. అట్ట లేకపోతే రాత్రికి రాత్రే లోపలిదంతా గోడకు గడ్డకట్టుకుపోతుంది. లారీ బిన్‌ను తలకిందులు చేసినా సగం అందులోనే ఉండిపోతుంది.

పల్పర్ ఉన్న డిష్ రూమ్ అయితే ఇంకో జాగ్రత్త. పళ్ళెంలో మిగిలినదాన్ని నీళ్ళతో నూరి, పిండి, పొట్టులాంటి ముద్దగా బయటికి తోస్తుంది ఆ యంత్రం. ఒక్క ఫోర్క్ పడిందంటే గరగరమని ఆగిపోతుంది, మెకానిక్ వచ్చేవరకూ డిన్నర్ పళ్ళేలన్నీ గుట్టలు పడతాయి. అందుకే కాలువ అంచున అయస్కాంతం పెడతారు. కానీ అది అన్ని స్టీలునూ పట్టదు: 18/0 రకం స్టీలును పట్టేస్తుంది, 18/10 రకాన్ని సరిగా పట్టుకోదు. మీ హాల్ ఫోర్క్‌ను అయస్కాంతానికి ఆనించి చూడండి. అంటకపోతే మీ కళ్ళే దానికి కాపలా. నీళ్ళ పిచికారీ కంటే ముందు రబ్బరు గరిటెతో పళ్ళెం పొడిగా గీకేయండి. 2006లో వచ్చిన ఫెడరల్ ప్రమాణం ప్రకారం ఆ పిచికారీ నిమిషానికి 1.6 గ్యాలన్లు, అంటే 6 లీటర్లు మించకూడదు; 2019 నుంచి తయారైనవాటికి ఆ హద్దును ఇంకా తగ్గించారు. అయినా పాత పిచికారీని వదిలేసి కబుర్లు చెప్పుకుంటే పది నిమిషాలకు 60 లీటర్లు పోయినట్టే.

ఉద్యోగంలో చేరిన రోజే సూపర్‌వైజర్‌ని ఒక్క ప్రశ్న అడగండి: మన కంపోస్ట్ బిన్ ఎక్కడికి పోతుంది? జవాబును బట్టి మిగతా అంతా మారుతుంది. గాలి తగిలే పెద్ద కుప్పలకు పోతే, అక్కడ ఆ కుప్పను 15 రోజుల పాటు 55 డిగ్రీల సెల్సియస్ పైన ఉంచి కనీసం ఐదుసార్లు తిప్పుతారు. మూసిన పాత్రల్లోనో, కింద నుంచి గాలి ఊదే కుప్పల్లోనో అయితే మూడు రోజులు చాలు. మొక్కజొన్న పిండి నుంచి చేసే పీఎల్‌ఏ అనే ప్లాస్టిక్ కప్పులు ఆ వేడికే కుళ్ళి ఎరువవుతాయి. పెరట్లో పాతిపెడితే ఏళ్ళ తరబడి అలాగే ఉంటాయి. గాలి లేకుండా కుళ్ళబెట్టి గ్యాస్ తీసే డైజెస్టర్‌కు పోతే సంగతి వేరు. కాలిఫోర్నియాలోని యూసీ డేవిస్ యూనివర్సిటీలో 2014లో మొదలైన డైజెస్టర్‌ను రోజుకు 50 టన్నుల వ్యర్థాల కోసం కట్టారు, విస్కాన్సిన్ ఓష్కోష్ యూనివర్సిటీలో 2011లో ఒకటి మొదలైంది. ఇలాంటి చోట్ల పీఎల్‌ఏ కప్పు చెత్త కిందే లెక్క. కాగితం లాంటి గుజ్జుతో చేసిన గిన్నెలు, పళ్ళేల మీద అవి కంపోస్ట్‌కు పనికొస్తాయని చెప్పే బీపీఐ ముద్ర చూసుకోవాలి. నూనె పీల్చకుండా వాటికి పూసే పీఫాస్ రసాయనాల మీద 2020 నుంచి ఆ ముద్రకు కఠినమైన హద్దు పెట్టారు. ఆ రసాయనాలు ఎరువులోకి, ఎరువు నుంచి పొలంలోకి పోతాయి, ఎప్పటికీ కరగవు. మన మోదుగాకు విస్తరికి ఏ ముద్రా అక్కర్లేదు.

ఎరువు బాగా చేయడం కంటే తిండి మిగలకుండా చూడటం మేలు. ట్రేలు తీసేసిన హాళ్ళలో పళ్ళేల్లో మిగిలేది తగ్గుతుంది, ఒకేసారి నాలుగు గిన్నెలు మోయలేరు కాబట్టి. లైన్‌లో నిలబడ్డవాళ్ళు చిన్న గరిటెతో వడ్డించి "ఇంకా కావాలంటే మళ్ళీ రండి" అంటే ఎవరూ నొచ్చుకోరు. మూసేముందు 45 నిమిషాల్లో నిండు పాన్‌ల బదులు మూడో వంతు పాన్‌లు పెట్టమని వంటవాళ్ళను అడగొచ్చు. మనకు ఇక్కడ కాస్త మొహమాటం. వచ్చి రెండు నెలలు కాలేదు, పాతికేళ్ళ అనుభవమున్న చెఫ్‌కి చెప్పడమేమిటనిపిస్తుంది. అలాంటప్పుడు అంకెలు తీసుకెళ్ళండి. ఒక డిన్నర్‌లో పళ్ళేల నుంచి గీకినదంతా తూకం వేయండి, కార్డు స్వైప్‌ల సంఖ్యతో భాగించండి. 900 మంది తిని 72 కిలోలు మిగిల్చితే తలకు 80 గ్రాములు. మెనూ కొన్ని వారాలకోసారి తిరిగి వస్తుంది కాబట్టి అదే మెనూ ఉన్న రోజుతోనే పోల్చాలి. చికెన్ రోజును చేప రోజుతో పోలిస్తే లెక్క తప్పుతుంది. "నాకు అనిపిస్తోంది" అంటే వినని చెఫ్ కూడా ఈ కాగితం చూసి ఆగుతాడు.

వడ్డించకుండా వెనక మిగిలిన తిండిని ఇవ్వడానికి 1996 నాటి ఫెడరల్ చట్టం దాతలకు రక్షణ ఇస్తుంది. మేరీల్యాండ్ యూనివర్సిటీలో 2011లో విద్యార్థులు మొదలుపెట్టిన ఫుడ్ రికవరీ నెట్‌వర్క్ ఇప్పుడు చాలా క్యాంపస్‌లలో ఉంది. వేడి వంటకాన్ని 57 డిగ్రీల నుంచి 21కి రెండు గంటల్లో, అక్కణ్ణుంచి 5కి ఇంకో నాలుగు గంటల్లో చల్లబరచాలి. లోతు పాన్‌లో పెట్టిన అన్నం పైన చల్లబడి నడిమధ్య వెచ్చగానే ఉంటుంది, వాంతులు తెప్పించే సూక్ష్మజీవులు అక్కడే పెరుగుతాయి. రెండంగుళాల పాన్‌లో పల్చగా పరిచి, మూత కొంచెం తీసి ఫ్రిజ్‌లో పెట్టండి. పేరు, తేదీ, సమయం రాసి అంటించండి. జనం చేత్తో వడ్డించుకున్న లైన్ మీది తిండి మాత్రం ఇవ్వకండి, అది కంపోస్టే.

భోజనం పట్టుకెళ్ళడానికి డైనింగ్ హాల్ ఇచ్చే, తిరిగి వాడే ఆకుపచ్చ ప్లాస్టిక్ డబ్బాల గురించి మనవాళ్ళకు ఒక మాట. వాటిలో పప్పు, సాంబారు దాచితే పసుపు పట్టేస్తుంది, ఎంత కడిగినా పోదు. డిష్ రూమ్‌లో మురికి డబ్బా అనుకుని పక్కన పడేస్తారు. కడిగాక ఒకట్రెండు రోజులు ఎండలో పెడితే పసుపు వెలిసిపోతుంది. ఇంటి కూరలకు మీ సొంత స్టీలు డబ్బా వాడుకోవడం ఇంకా మంచిది.

ఉగాది, దీపావళి వేడుకలు క్యాంపస్ హాల్‌లో చేసేటప్పుడు కూడా ఇదే తెలివి అక్కరకొస్తుంది. 300 మంది వస్తే తలకు అర లీటరు చొప్పున 150 లీటర్ల నీళ్ళు, అంటే 19 లీటర్ల క్యాన్‌లు ఎనిమిది. అవి పెట్టి, ఎవరి సీసా వాళ్ళను తెచ్చుకోమంటే వందల ప్లాస్టిక్ సీసాలు తప్పుతాయి. భోజనాలయ్యాక ఇరవై నిమిషాలు జనం ఒక్కసారిగా బిన్‌ల మీద పడతారు. ఆ ఇరవై నిమిషాలూ ఒక్కో బిన్‌ల వరుస దగ్గర ఇద్దరు నిలబడి చేత్తో చూపించాలి. రాసిన అట్టను ఎవరూ చదవరు. నిజమైన ప్లేటు, చెంచా, కప్పు ఒక్కోటి అట్టకు అతికించి బిన్ పైన వేలాడదీయండి. వంటగదిలో స్పానిష్ మాట్లాడే తోటి పనివాళ్ళకు కూడా ఇదే పద్ధతి పనికొస్తుంది.

తర్వాతి సెమిస్టర్‌లో రీసెర్చ్ అసిస్టెంట్‌గా ల్యాబ్‌కు మారితే అక్కడ కరెంటు మింగేవి రెండు. రసాయనాల ఆవిరిని బయటికి పంపే ఫ్యూమ్ హుడ్ అనే గాజు పెట్టె గదిలోని చల్లటి లేదా వెచ్చటి గాలిని బయటికి లాగేస్తూనే ఉంటుంది. గాలి వేగం మార్చుకునే రకమైతే అద్దం తలుపు కిందికి దించగానే ఆదా అవుతుంది. ఒకే వేగంతో తిరిగే రకమైతే దించినా కరెంటు పెద్దగా తగ్గదు, భద్రత కోసం దించాలి. మైనస్ 80 ఫ్రీజర్‌ను మైనస్ 70కి మారిస్తే దాదాపు 30 శాతం ఆదా. కానీ ప్రొఫెసర్ అనుమతి లేకుండా ఆ బటన్ ముట్టుకోకండి. ముందు తలుపు అంచున మంచు గీకేసి, లోపల ఏ పెట్టె ఎక్కడుందో జాబితా తలుపు మీద అంటించండి. వెతకడానికి తలుపు తెరిచి పెట్టే సమయం తగ్గుతుంది.

డైనింగ్ హాల్‌లో పనివాళ్ళు ఆగస్టులో, జనవరిలో మారిపోతారు. నేర్చినదంతా వాళ్ళతోనే పోతుంది. అందుకే చివరి షిఫ్ట్ ముందు కొత్తగా వచ్చినవారిని సింక్ దగ్గరికి తీసుకెళ్ళి గ్లోవ్స్ డబ్బా, అయస్కాంతం, అట్టముక్కల కట్ట, తూకం మిషన్ ఎక్కడున్నాయో చూపించండి. తర్వాత ఒక రష్ అయ్యేదాకా పక్కన నిలబడి, వాళ్ళ చేతులతోనే ఆ బిన్ నింపించండి.